కమ్మరి కుమారుడైన మైఖేల్ ఫారడే

(పఠనము: యోబు 38వ అధ్యాయము)



గత వర్షకాలములో ఎల్లారెడ్డి సమీపమున ఒక పల్లెలో సాయంకాల ప్రార్థన కూటము జరుగుచుండగా, గట్టిగా ఉరిమి కరెంటు పోయెను. ఒక తల్లి లేచి కొవ్వొత్తి వెలిగించెను. అంతలో ఆమె కుమారుడు, పోయిన కరెంటు ఎక్కడికి పోయినదని అడిగెను. పెద్దలందరు నవ్విరి. మేమును నవ్వితిమి. అయితే కామారెడ్డికి తిరిగి వచ్చుచు దారి పొడుగున తలపోయగా, ఆ ప్రశ్నకు మాలో ఎవరికిని సరియైన జవాబు తెలియదని కనుగొని సిగ్గుపడితిమి. బోరుబావి నీళ్లు కరెంటువలననే పైకి వచ్చుచున్నవి. తడి చేతితో స్టార్టరు పెట్టెను ముట్టి ప్రాణము పోగొట్టుకొన్న రైతుల యిండ్లకు వెళ్లి, వారి భార్యాబిడ్డలతో కలిసి ప్రార్థన చేసి వచ్చినవారము. అయినను అది ఏమిటో ఎరుగకయే యున్నాము. కొందరు దానికి దయ్యమునకు భయపడినట్లు భయపడుదురు. కొందరు బొత్తిగా భయపడరు. ఈ రెండును తెలియనితనమువలన పుట్టినవే.

కాబట్టి ఈ నెల, విద్యుత్తు సంగతిని లోకమునకు తేటపరచినవారిలో ముఖ్యుడైన ఒకని జీవితమును వ్రాయుచున్నాము. ఆయనకు బడి చదువు కొంచెమే. గణితము దాదాపు రాదు. ఒక చిన్న సంఘములో పెద్దగా నుండి, రోగులను దర్శించి, ఆదివారమున వాక్యము చెప్పినవాడు.

మైఖేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండను నగరపు శివారున పుట్టెను. తండ్రి జేమ్సు కమ్మరి. గుర్రములకు లాడములు చేయువాడు. మన పల్లెలలో కొలిమి యొద్ద కూర్చుండువారి బ్రదుకు మనకు తెలిసినదే. పైగా జేమ్సు తరచుగా జబ్బుపడువాడు గనుక ఇంట కూడు చాలెడిది కాదు. 1801లో ధాన్యపు ధర మిక్కిలి పెరిగినప్పుడు, ఆ పిల్లవానికి వారమంతటికి ఒక రొట్టె ఇచ్చి సరిపెట్టుకొమ్మనిరట. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు, అంతకు మించి బడి ఆయనకు లేదు.

ఆ కుటుంబము శాండిమనీయులను చిన్న ప్రొటెస్టెంటు సంఘమునకు చెందినది. స్కాట్లండులో జాన్ గ్లాసు, ఆయన అల్లుడు రాబర్టు శాండిమన్ అనువారి బోధవలన అది యేర్పడెను. వారికి జీతపు బోధకులు లేరు. ఆదివారమున ఆరాధనల నడుమ అందరు కలిసి ప్రేమవిందు భుజించుదురు. ధనము కూడబెట్టుట తప్పని యెంచుదురు. ఈ చివరి సంగతి ఫారడే జీవితమంతట కనబడును.

పదమూడవ యేట ఆయన రీబో అను పుస్తకముల వర్తకుని యొద్ద వార్తాపత్రికలు ఇంటింటికి మోసెడి పనికి చేరెను. మరుసటి సంవత్సరము, అనగా 1805లో, అదే యజమాని యొద్ద పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనుటకు ఏడేండ్లు కుదిరెను. పగలు అట్ట కట్టెను, పని తీరినపిమ్మట ఆ పుస్తకమునే చదివెను. ఒకసారి బైండింగునకు వచ్చిన విజ్ఞానసర్వస్వపు సంపుటములో విద్యుత్తును గూర్చిన వ్యాసము కనబడెను. జేన్ మార్సెట్ అను స్త్రీ రసాయనశాస్త్రమును సంభాషణలుగా వ్రాసిన పుస్తకము మరియొకటి. చదివి ఊరకుండలేదు. చేతిలో చిల్లర డబ్బులున్న మేరకు ప్రతి సంగతిని తానే చేసి చూచెను. ఎవరో వ్రాసిరని నమ్ముట ఆయన స్వభావములో లేదు.

1812లో ఆయన చేసిన మొదటి బ్యాటరీ మన పిల్లలు కూడ చేయదగినది. ఏడు రాగి నాణెములు, ఏడు జింకు బిళ్లలు, ఉప్పునీటిలో తడిపిన కాగితపు ముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చెను. రెండు కొనల నుండి తీగలు తీసి, నీటిలో కరిగించిన భేదియుప్పులో ముంచగా ఆ ఉప్పు విడిపోవుట ఆయన కంటబడెను. ఇటలీ దేశస్థుడైన వోల్టా 1800లో లోకమునకు తెలిపిన ఉపాయమే అది. చిల్లర నాణెములతో ఒక బీద పనివాడు దానిని తన చేతులతో చేసెను.

ఇక్కడ కొంచెము ఆగి, ఆవేశమనగా నేమో చెప్పవలెను. చలికాలపు పొడి గాలిలో ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వి, దానిని చిన్న కాగితపు ముక్కల దగ్గరకు తెచ్చినయెడల అవి ఎగిరి అంటుకొనును. ఏ వస్తువైనను అణువులతో చేయబడినది. అణువు నడుమ ధనావేశము, దాని చుట్టు ఎలక్ట్రానులను ఋణావేశపు కణములు. సాధారణముగా రెండును సరిసమానముగా నుండును గనుక మనకు ఏమియు తెలియదు. దువ్వినప్పుడు జుట్టునుండి కొన్ని ఎలక్ట్రానులు దువ్వెనకు పోవును. దువ్వెన యందు ఋణము ఎక్కువ, జుట్టునందు తక్కువ. ఋణమనగానే మనవారికి షావుకారు అప్పు జ్ఞాపకము వచ్చును గాని, ఇక్కడ అది పేరు మాత్రమే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాలమున పెట్టిన పేర్లు అట్లే నిలిచిపోయెను. ఒకే రకపు ఆవేశములు ఒకదానినొకటి త్రోసివేసికొనును, వేరు రకపువి దగ్గరకు లాగుకొనును. మేఘములలో మంచు రవలు ఒకదానితో ఒకటి కొట్టుకొని ఇట్లే ఆవేశములు వేరుపడగా, అవి తిరిగి కలియుటకు దూకుటయే మెరుపు.

ఎలక్ట్రాను సంగతి 1897లో గాని తెలియలేదు. ఫారడే దానిని ఎరుగడు. అయినను 1843లో మంచుగడ్డలు పెట్టెడి ఒక లోహపు పాత్రలోనికి, పట్టుదారముతో కట్టిన ఆవేశముగల ఇత్తడి గుండును దింపి చూపించెను. గుండుమీద ఎంత ఆవేశమున్నదో, పాత్ర లోపలి వైపున అంతే వ్యతిరేకావేశము, వెలుపల అంతే సమానావేశము కనబడెను. ఒక రకమును మాత్రమే పుట్టించుట ఎవరికిని సాధ్యము కాదు. వేరుపరచుట, చేర్చుట, ఇంతే.

మరల ఆయన కథకు వత్తము. ఆ 1812లోనే రీబో దుకాణమునకు వచ్చు ఒక పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ యిచ్చు ఉపన్యాసములకు టిక్కెట్లు ఇచ్చెను. ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, బొమ్మలతో సహా చక్కగా తిరుగ వ్రాసి, తానే అట్ట కట్టి డేవీకి పంపెను. నేర్చిన చేతిపని అక్కరకు వచ్చెను. కొన్నాళ్లకు అచ్చటి ప్రయోగశాల పనివాడొకడు కొట్లాటవలన తొలగింపబడగా, 1813 మార్చి 1వ తేదీన ఫారడే ఆ స్థానమున చేరెను. వారమునకు 25 షిల్లింగులు, పైన రెండు గదులు. గాజు పాత్రలు కడుగుట అందులో భాగమే.

అదే సంవత్సరము డేవీ దంపతులతో ఐరోపా ప్రయాణము చేసెను. వృద్ధుడైన వోల్టాను, ఫ్రాన్సు పండితుడైన ఆంపేరును చూచెను. డేవీ భార్య ఆయనను ఇంటి నౌకరుగా నెంచి, అట్లే పని చెప్పుచు మిక్కిలి బాధించెను. పనులన్నియు మాని ఇంటికి తిరిగి పోవుదునా యనుకొనునంత వరకు వచ్చెను గాని, నేర్చుకొనవలసినది ఇంకను ఉన్నదని ఓర్చుకొనెను.

1821 ఆయనకు పెద్ద సంవత్సరము. జూన్ 12వ తేదీన తన సంఘస్థురాలైన సారా బర్నార్డును వివాహమాడెను. వారికి బిడ్డలు కలుగలేదు. ఒక నెలకు సంఘము నెదుట తన విశ్వాసమును ఒప్పుకొని పూర్ణ సభ్యుడాయెను. సెప్టెంబరులో, పాదరసము పోసిన గిన్నెలో నిలిపిన అయస్కాంతము చుట్టు కరెంటు ప్రవహించు తీగ తనంతట తాను తిరుగునట్లు చేసెను. ఆ ముందటి సంవత్సరము డెన్మార్కులో ఊర్‌స్టెడ్, కరెంటు తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలునని కనుగొనియుండెను. ఫారడే ఆ కదలికను ఎడతెగని తిరుగుడుగా మార్చెను. మన ఇండ్ల ఫ్యానుకు, చేనులోని మోటారుకు అది మూలము.

సంతోషముతో పాటు నింద వచ్చెను. వొలస్టన్ అను పెద్ద పండితుని ఆలోచనను ఈయన తీసికొనెనని కొందరు గుసగుసలాడిరి. తర్వాత రాయల్ సొసైటీ సభ్యత్వమునకు ఫారడే పేరు వచ్చినప్పుడు, దానికి అధ్యక్షుడుగానున్న డేవీయే అడ్డుపడెను. ఏ చెయ్యి పైకి తీసెనో ఆ చెయ్యియే వెనుకకు త్రోసెను. అయినను 1824లో ఫారడే ఎన్నుకొనబడెను. బ్రదికినంత కాలము డేవీని గౌరవముతోనే తలంచుచుండెనని తెలిసినవారు వ్రాసిరి. ఇది మాకు ఆయన ప్రయోగములకంటె కష్టమైన పనిగా తోచుచున్నది.

ఇప్పుడు మన ప్రాంతమునకు సంబంధించిన దినమునకు వచ్చితిమి. అది 1831 ఆగస్టు 29. కరెంటువలన అయస్కాంతపు గుణము కలుగుచున్నది గదా, అయస్కాంతమువలన కరెంటు ఎందుకు కలుగకూడదని ఫారడే ఏండ్ల తరబడి వెదకుచుండెను. ఆ దినమున ఒక ఇనుప కడియమునకు రెండు వైపుల వేర్వేరుగా తీగ చుట్టెను. ఒక చుట్టను బ్యాటరీకి తగిలించెను. రెండవ చుట్ట దగ్గర ముల్లు కదలెను. అయితే తగిలించిన క్షణమున కదలి నిలిచిపోయెను. తీసివేసిన క్షణమున మరల కదలెను. నడుమ ఎంతసేపు కరెంటు పారినను ముల్లు చలింపలేదు. ఇతరులు ఇక్కడనే పొరబడిరి. నిలుకడగా నుండు అయస్కాంతము నుండి కరెంటు వచ్చునని చూచిరి. మార్పునందు ఉన్నదని ఫారడే గ్రహించెను. అక్టోబరు 17వ తేదీన, బోలుగా చుట్టిన తీగలోనికి అయస్కాంతపు కడ్డీని తోయగా కరెంటు వచ్చెను, లాగగా ఎదురు దిక్కున వచ్చెను. ఆ నెల ముగియకముందే పెద్ద అయస్కాంతపు కొనల నడుమ రాగి పళ్లెమును త్రిప్పి ఎడతెగని కరెంటు తీసెను.

ఎల్లారెడ్డికి పడమట అచ్చంపేట యొద్ద మంజీరానదిమీద నిజాంసాగర్ కట్టను మీరందరు చూచినవారే. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు ఆధ్వర్యమున 1923లో మొదలై 1931లో ఆ కట్ట ముగిసెను. ఫారడే ప్రయోగమునకు అప్పటికి సరిగా నూరేండ్లు! ప్రాజెక్టు నీటితో కరెంటు తీయు కేంద్రము 1950ల దశకములో అచ్చట వచ్చెను. దాని సామర్థ్యము 10 మెగావాట్లు. పైనుండి దిగు నీరు చక్రమును త్రిప్పును, చక్రము అయస్కాంతమును త్రిప్పును, అయస్కాంతము చుట్టునున్న రాగి చుట్టలలో కరెంటు కలుగును. ఫారడే చేతితో త్రోసిన కడ్డీ పనిని మంజీరా నీరు చేయుచున్నది. బొగ్గుతో నడుచు కేంద్రములలో ఆవిరి త్రిప్పును. త్రిప్పువాడు మారును గాని సంగతి ఒక్కటే.

ఇక ఆ పిల్లవాని ప్రశ్న. పోయిన కరెంటు ఎక్కడికిని పోలేదు. దీపములో కిరసనాయిలు వలె అది తీగలో నింపబడి తీరిపోవునది కాదు. తీగ లోహమందు ఎలక్ట్రానులు ఎల్లప్పుడు ఉన్నవి, చీకటిలోను ఉన్నవి. దూరముననున్న యంత్రము వాటిని సెకనుకు 50 మారులు ముందుకు వెనుకకు ఊపుచున్నది. ఆ ఊపు మన బల్బు వరకు అందినప్పుడు వెలుగు. నడుమ ఎక్కడనో తీగ తెగినను, స్విచ్చి తీసినను ఊపు ఆగిపోవును, ఎలక్ట్రానులు ఉన్నచోటనే యుండును. వోల్టు, ఆంపేరు అను మాటలు వినుచున్నాము గదా. కాలువ సామ్యము చాలును. తూముకు పైన నీటి ఎత్తువంటిది వోల్టేజి, కాలువలో పారు నీటి పరిమాణమువంటిది ఆంపేరులలో కొలిచెడి ప్రవాహము. ఇరుకు కాలువ నీటిని అడ్డగించునట్లు సన్నని తీగ ప్రవాహమును అడ్డగించి వేడెక్కును.

మన శరీరములోనిది ఉప్పునీరు. ఉప్పునీటి గుండ కరెంటు పారునని, అది ఎంత పదార్థమును విడదీయునో కొలవవచ్చునని ఫారడే 1833, 1834 సంవత్సరములలో లెక్కగా తేల్చెను. చర్మము పొడిగా నున్నప్పుడు కొంత అడ్డుపడును. తడిసినప్పుడు ఆ అడ్డు చాలవరకు పోవును. తడి కాళ్లతో నేలమీద నిలిచి ముట్టినవాని గుండెమీదుగా కరెంటు భూమికి దిగును. ట్రాన్స్‌ఫార్మరు యొద్ద ఫ్యూజు పోయినప్పుడు, లైన్‌మన్ వచ్చువరకు ఆగక, ధైర్యవంతుడని పేరున్న యువకుని ఎక్కించుట మన గ్రామములలో చూచుచున్నాము. అది ధైర్యము కాదు.

ఫారడే ధైర్యము వేరు విధమైనది. 1836లో ఆయన ఒక్కొక్క వైపు 12 అడుగుల గదివంటి పెద్ద పెట్టె కట్టించి, దానికి రాగి తీగయు, లోహపు రేకును చుట్టించి, నేలకు తగులకుండ నిలిపి, యంత్రముతో దానిని బలముగా ఆవేశపరచెను. వెలుపల నిప్పురవలు ఎగురుచుండగా తాను లోపల కూర్చుండి, కొవ్వొత్తి వెలుగున తన పరికరములతో వెదకెను. లోపల ఆవేశము ఆనవాలైనను లేదు. ఆవేశము లోహపు వెలుపలి ముఖమునందే నిలుచును. అందుచేతనే పిడుగుల వానలో చెట్టు క్రింద నిలుచుట కంటె, కిటికీలు మూసిన బస్సులోనో కారులోనో కూర్చుండుట మేలు. ట్రాక్టరు మాత్రము నాలుగు వైపుల తెరచియుండును గనుక పనికిరాదు.

ఆ దినములలో విద్యుత్తులు అనేకములని పండితులు తలంచుచుండిరి. రుద్దుటవలన వచ్చునది ఒకటి, బ్యాటరీది ఒకటి, అయస్కాంతముది ఒకటి, కరెంటు చేపది మరియొకటి. అన్నియు ఒక్కటే యని ఫారడే ఒక్కొక్కటిగా పోల్చి చూపెను. 1853లో మరియొక వింత వచ్చెను. బల్లచుట్టు కూర్చుండి చేతులు దానిమీద నుంచగా బల్ల తిరుగుచున్నదనియు, అది ఆత్మల పనియో విద్యుత్తు పనియో అనియు లండనంతట గొప్ప సందడి. ఫారడే చిన్న ఉపకరణము చేసి, కూర్చున్నవారి చేతులే వారికి తెలియకుండ బల్లను త్రోయుచున్నవని కనుగొనెను. అంతటి చదువరులు అంత సులభముగా మోసపోవుట చూచి విసిగెను. పల్లెలో చేతబడి, బాణామతి యని నిర్దోషులను కొట్టినవారి వార్తలు విన్న మనకు ఈ సంగతి దూరపుది కాదు.

సొమ్ము సంగతి త్వరగా చెప్పెదము. వ్యాపారస్థులకు సలహాలిచ్చి ధనవంతుడు కాగలిగిన కాలమున ఆ పనిని చాలవరకు మానివేసెను. 1835లో ప్రభుత్వము ఏటికి 300 పౌనుల పింఛను ఇవ్వదలచినప్పుడు, ప్రధానమంత్రి మెల్బోర్ను ప్రభువు అట్టి పింఛనులను గూర్చి చులకనగా మాటలాడగా, ఫారడే వద్దని వచ్చివేసెను. ప్రధానమంత్రి క్షమాపణ వ్రాసినపిమ్మటనే పుచ్చుకొనెను. సర్ బిరుదు వద్దనెను. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దనెను. పిల్లల కొరకు క్రిస్మసు ఉపన్యాసములు మాత్రము పందొమ్మిది సంవత్సరములు తానే ఇచ్చెను.

సంఘములో ఆయన జీవితము సాఫీగా సాగెనని వ్రాసినయెడల అది సత్యము కాదు. 1840లో పెద్దగా ఎన్నుకొనబడెను. 1844లో సంఘ క్రమశిక్షణను గూర్చిన వివాదములో మరికొందరితో పాటు వెలివేయబడెను. ఆదివారమున రాణిగారి విందుకు వెళ్లినందున వెలివేసిరని ఒక కథ చాల పుస్తకములలో నున్నది గాని, సంఘపు పత్రములు వెదకినవారికి దానికి ఆధారము దొరకలేదు. కొన్ని వారములకు తిరిగి చేర్చుకొనిరి గాని పెద్దతనము పోయెను. లోకమంతట పేరు పొందిన మనుష్యుడు, కొద్దిమంది కూడుకొను ఆ మందిరములో వెనుక బల్లమీద పదునారు సంవత్సరములు కూర్చుండెను. వేరొక సంఘమునకు పోలేదు. 1860లో మరల పెద్దగా నియమించిరి. ఆయన ప్రసంగములు చాలవరకు లేఖన భాగములనే ఒకదానికొకటి కూర్చినవి. ప్రయోగశాలలో ప్రతిదానిని పరీక్షించి చూచువాడు, విశ్వాస విషయము వేరు త్రోవన వచ్చునని యెంచి, రెంటిని కలుపక ఉంచెను. అందరికి ఈ పద్ధతి తృప్తి కలిగింపదు. మాలోను దీనిమీద వాదము జరిగినది.

నలువదియెనిమిదేండ్ల ప్రాయము దాటినది మొదలు ఆయన జ్ఞాపకశక్తి చెడుచు వచ్చెను. తాను చేసిన ప్రయోగమునే మరచి తిరిగి చేయకుండునట్లు, ప్రతి పేరాకు అంకె వేసి వ్రాసికొన్న దినచర్య ఆయనకు ఆధారమాయెను. మధ్యమధ్య సంవత్సరముల తరబడి విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. అయినను 1845లో అయస్కాంతము వెలుగుమీద కూడ పని చేయునని కనుగొనెను. అయస్కాంతము చుట్టు ఇనుపరజను చల్లినప్పుడు కనబడు గీతలను ఆయన ఊరక బొమ్మలుగా నెంచలేదు. బలము ఆ ఖాళీ ప్రదేశమంతట వ్యాపించియున్నదని నమ్మెను. గణితపండితులు నవ్విరి. జేమ్సు క్లర్కు మాక్స్‌వెల్ నవ్వలేదు. ఆ గీతలనే గణితములో పెట్టగా, వెలుగు కూడ విద్యుదయస్కాంత తరంగమేయని తేలెను. మన చేతులలోని సెల్‌ఫోను ఆ తరంగముల మీదనే మాటలాడుచున్నది.

1858లో ఇంగ్లండు ఆగ్నేయ తీరమున సౌత్ ఫోర్లండు దీపస్తంభములో, అయస్కాంతముల యంత్రమునుండి వచ్చిన కరెంటుతో ఓడలకు దీపము వెలిగెను. దీపస్తంభముల శాఖకు సలహాదారుడుగా ఫారడే దానిని పరీక్షించెను. ఇరువది యేడేండ్ల క్రిందట తన బల్లమీద ముల్లు కొంచెముగా కదలుట చూచినవాడు, ముసలితనములో ఆ వెలుగును సముద్రముమీద చూచెను.

రాణి ఇచ్చిన హాంప్టన్ కోర్టు గృహములో, 1867 ఆగస్టు 25వ తేదీన, తన చదువుగదిలో కుర్చీలో కూర్చున్నట్లే నిద్రించెను. రాజులను, మహాపురుషులను పాతిపెట్టు వెస్టుమినిస్టరు దేవాలయములో సమాధి వద్దనుకొనినందున, హైగేటు శ్మశానవాటికలో తన సంఘము వారి పద్ధతిని సాదాగా పాతిపెట్టిరి. రాతిమీద పేరును, పుట్టిన దినమును, చనిపోయిన దినమును మాత్రమే యున్నవి.

వచ్చే నెల ఆ పల్లెకు ప్రార్థన కూటమునకు వెళ్లునప్పుడు, ఒక అయస్కాంతపు కడ్డీని, నూరు చుట్లు చుట్టిన రాగి తీగను, ఒక దిక్సూచిని సంచిలో పెట్టుకొని పోవుదుము. కడ్డీని త్రోయు పని ఆ పిల్లవానిది.